పెట్టెకి తెలియని ప్రశ్నలు

రెండో రోజు

నాకు అప్పగించిన పిల్ల పేరు కౌశికి. పదేళ్ళు, అయిదో తరగతి. సన్నగా ఉంటుంది. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక తాడుముక్క, దానికో ముడి, ఆ ముడి విప్పే పని. నిన్న పొద్దున్నించి సాయంత్రం దాకా నాతో అన్న మాటలు మూడు: "ఊఁ", "తెలీదు", "ఇంటికెళ్ళనా?"

రాజ్యం టీచరుగారు పిల్లని అప్పగిస్తూ, ఒడ్డున మెట్టమీద కాలేజీ చదువు చదివొచ్చినదాన్ని కాబట్టి నాకంటే బాగా ఎవరూ చూడలేరన్నారు. అందులో పొగడ్త ఎంతో, బరువు దింపుకోవడం ఎంతో నాకు తెలుసు. నాకంటే ముందు తోడుగా వేసిన ఇద్దరు ఈ పిల్లని వదిలేశారు.

టర్ము యాభై అయిదు రోజులు. ఈలోగా కౌశికి ఏడు ప్రశ్నలు అడగాలి. అడిగితే ఆరో తరగతి. లేకపోతే నాచుబడి. పేరుకి బడే కానీ అక్కడ పుస్తకాలుండవు. తొట్లలో నాచు పెంచడం, పిండడం, ఎండబెట్టడం నేర్పుతారు, అంతే. అక్కడికి వెళ్ళిన పిల్ల మళ్ళీ ఈ బడికి వచ్చిన దాఖలా లేదు.

పిల్ల నెగ్గితే తోడున్నవాళ్ళకి మెట్టమీద ఉద్యోగానికి చీటీ ఇస్తారు. నీటి ఇంజనీరింగు చదివి, ఈ తేలే లంకకి తిరిగొచ్చి పద్నాలుగు నెలలయింది, ఇంకా పని దొరకలేదు. ఆ చీటీ కోసమే ఈ పనికి ఒప్పుకున్నాను. బడికి రోజూ పంపే నివేదికలో అది రాయను. నిన్నటి నివేదికలో "ఆసక్తి తక్కువ, బద్ధకం ఎక్కువ" అని రాశాను. ఈ పుస్తకం మాత్రం నాది. ఇందులోనైనా ఉన్నదున్నట్టు రాసుకోవాలి.

అయిదో రోజు

పొద్దున్నే పిల్లలంతా బడి డెక్కు మీద చేరతారు. మధ్యలో ప్రశ్నబండ ఉంటుంది. మునిగిపోయిన ఊళ్ళోంచి మా తాతలు తెచ్చుకున్న ఒకే ఒక్క రాయి. లంకలో మిగతాదంతా డ్రమ్ములూ, పలకలూ, తాళ్ళే. అడగదలుచుకున్న పిల్ల చెప్పులు విప్పి బండెక్కుతుంది. అడుగుతుంది. గోడకున్న జవాబుల పెట్టె వింటుంది.

ఇవాళ ఒక బుడ్డోడు ఎక్కి తిమింగలం ఎంత బరువుంటుందని అడిగాడు. వాడి నోరు మూతపడకముందే పెట్టె జవాబు చెప్పేసింది. "పెట్టెకి తెలుసోచ్" అని పిల్లలంతా గోల. వాడు తల దించుకుని దిగిపోయాడు. పెట్టెకి తెలిసిన ప్రశ్నకి గీత పడదు. తర్వాత ఒకమ్మాయి ఎక్కి, వాళ్ళ వీధి వంతెనలో మూడో పలక ఒక్కటే ఎందుకు కిర్రుమంటుందని అడిగింది. పెట్టె మాట్లాడలేదు. టీచరుగారు గంట కొట్టి, బోర్డు మీద ఆ అమ్మాయి పేరు పక్కన ఒక గీత గీశారు.

పెట్టెకి తెలియనిదాన్ని ఎవరో ఒక మనిషి వెళ్ళి చూసి రావాలి. మధ్యాహ్నానికి వడ్రంగి చూసొచ్చి, బండ కింద నిలబడి, మేకు ఎక్కడ వదులైందో చెప్పాడు. ఆ అమ్మాయి "అర్థమైంది" అన్నాకే వెళ్ళాడు. అర్థమైంది అనేదాకా వెళ్ళకూడదు. పిల్ల ఎదురు ప్రశ్న వేస్తే దానికీ గీత పడుతుంది.

కౌశికి వెనక వరసలో కూర్చుని ముడి విప్పుకుంటోంది. వాళ్ళ అయిదో తరగతిలో గీత లేని పేరు అదొక్కటే.

పదకొండో రోజు

చెయ్యగలిగినవన్నీ చేశాను. బెల్లం అచ్చు ఆశపెట్టాను. తిన్నది, అడగలేదు. ఏడు గళ్ళ పటం గీసి గోడకి అంటించాను. బాగుందంది. పక్కింటి పిల్ల అప్పుడే అయిదు అడిగేసిందని దెప్పాను. "దానికి వచ్చుగా" అంది, ఏ మాత్రం కోపం లేకుండా.

డ్రమ్ములకి పట్టిన గుల్లలు గీకే పని మాకు వారానికి రెండు పూటలు. ఇద్దరం పడవలో కూర్చుని గీకుతుంటే నేనే వాగుతాను. ఇదేంటి, అదెందుకు అని దారి చూపిస్తాను. ఆ పిల్ల నేను చూపించినవన్నీ చూస్తుంది. బాగా చూస్తుంది, అదే నాకు ఆశ్చర్యం. ఇవాళ నేను గీకిన డ్రమ్ముకి వెనకవైపు ఇంకో వరస గుల్లలున్నాయని చూపించింది. వెనకవైపే ఎక్కువ ఎందుకుంటాయో అడగవే అన్నాను.

"నీకు తెలుసుగా అక్కా" అంది.

నాకు తెలిసినా నువ్వు అడగాలమ్మా అన్నాను. భుజాలెగరేసి మళ్ళీ గీకడం మొదలుపెట్టింది.  నా పద్నాలుగు నెలల ఎదురుచూపూ దాని మూసిన నోట్లో ఇరుక్కున్నట్టనిపించింది.

పదిహేడో రోజు

కౌశికి వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి మంగాదేవి నాచు తొట్లలో పని చేస్తుంది. మోచేతుల దాకా ఆకుపచ్చ రంగు, ఎంత తోమినా పోదట. తండ్రి సూరిబాబు అలలకంచె దగ్గర పని. మూడు నెలలకోసారి ఇంటికొస్తాడు. లంకకి రెండు మైళ్ళ అవతల, అలల దెబ్బ ముందుగా కాచుకునే కంచె అది. అంత దూరం ఎందుకు వెళ్ళాడని అడిగాను. వేశారు, వెళ్ళాడు అంది. అంతకంటే చెప్పలేదు.

పిల్ల సంగతి ఎత్తితే, "దానికి బుర్ర లేక కాదమ్మా. నోరు కట్టేసుకుంది. నేనేం సెయ్యను?" అంది. ఆ మాట అంటున్నప్పుడు పిల్ల వైపు చూడలేదు. పిల్ల కూడా తల్లి వైపు చూడలేదు. అది నాకు కనిపించింది. కనిపించినదాన్ని పట్టుకుని లాగాల్సింది. లాగలేదు. చీకటి పడకముందు నివేదిక బడికి చేర్చాలి, బయల్దేరాను.

బయట వాన నీటి తొట్ల వరసలో బంగారి మామ్మ కూర్చునుంది. చుట్టరికం లేదు. కౌశికికి ఆమె ఇల్లే రెండో ఇల్లు. తల్లి నాచు తొట్ల దగ్గరుంటే అన్నం పెట్టేది ఈమే. నన్ను చూసి, "మా కౌశీని సతాయిస్తన్న మెట్ట పంతులమ్మవి నువ్వేనా?" అంది. కౌశికి నవ్వింది. పదిహేడు రోజుల్లో ఆ పిల్ల నవ్వు మొదటిసారి చూశాను. అదీ నా మీద.

ఇరవై మూడో రోజు

ఇవాళ చేసినది రాయడానికి కొంచెం సేపు పట్టింది.

పెద్దవాళ్ళు పిల్లల నోట్లో ప్రశ్న పెట్టకూడదు. మా లంకలో అంతకంటే పెద్ద తప్పు లేదు. పెద్దవాళ్ళు ఒకరి మీద ఒకరు చేసుకున్న ఫిర్యాదులతో లంక రెండుసార్లు ముక్కలయిందట. పలకలు విరిగి మనుషులు పోయారట. అందుకే పన్నెండేళ్ళ లోపు పిల్ల అడిగితేనే ఇక్కడ ఎవరైనా కదులుతారు. పిల్లలకి పగలుండవని నమ్మకం. మేం ఏది చెప్పినా గాలికి చెప్పినట్టే.

నేను పెట్టాను. గుల్లల ప్రశ్నే. కాగితం మీద నా మాటల్లో రాసి, తర్వాత దాని మాటల్లోకి మార్చాను. "ఏ కారణం చేత" కొట్టేసి "ఎందుకంటా" అని రాశాను. మధ్యలో ఒక చోట కావాలని తడబాటు పెట్టాను. అదొక నైపుణ్యంలా అనిపించి నాలో నేనే మురిశాను కూడా.

కౌశికి కాగితం చదివి, "ఇది అడిగితే ఎవరికైనా ఏమైనా అవుద్దా?" అంది.

గుల్లలకేమవుతుందే అని నవ్వాను. అది నవ్వలేదు. కాగితాన్ని మళ్ళీ మొదట్నించీ చదివింది. తర్వాత చెప్పులు విప్పి బండెక్కి, నేను పెట్టిన చోటే తడబడి, అడిగేసింది. పెట్టె మాట్లాడలేదు. గీత పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. రాజ్యం టీచరుగారు నా వైపు ఒక చూపు చూశారు. అది మెచ్చుకోలని అప్పుడు అనుకున్నాను.

పెట్టె మాట్లాడని మొదటి ప్రశ్న కదా, కౌశికి సంతోషిస్తుందనుకున్నాను. దిగి వచ్చి తాడు అందుకుంది.

ముప్పై ఒకటో రోజు

మూడయ్యాయి. ఉతికిన బట్టలు పడమటి వీధిలో ముందు ఎందుకు ఆరతాయి. పెద్ద పడవ వచ్చిన రోజు కాకులు ఎందుకు రావు. అన్నీ నావే. ఒక్కో ప్రశ్న ఎవరో ఒకర్ని కాస్త నడిపిస్తుంది, అంతే. ఎవరికీ నష్టం లేదు. కౌశికి ప్రతిసారీ ఎవరికైనా ఏమైనా అవుతుందా అని అడుగుతుంది. నేను ప్రతిసారీ లేదంటాను. ఇద్దరికీ అదొక అలవాటైపోయింది.

మంగాదేవి తొట్ల దగ్గర్నించి ఎండు నాచు పొట్లం పంపింది. కూతురి పేరు పక్కన గీతలు చూసి ఆమె ఏడ్చిందని కౌశికి చెప్పింది. "అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది" అంది. ఆ మాట చెప్పిన తీరు చూస్తే అలా తీసుకుని చాలా కాలమైనట్టుంది. నాకు గర్వంగా ఉండాలి. పొట్లం విప్పకుండా అటక మీద పెట్టాను.

ముప్పై ఎనిమిదో రోజు

ఆరోది ఇవాళ అడిగింది. ఇది మిగతావాటిలాంటిది కాదు.

కౌశికి వాళ్ళ వీధి వరసలో పదకొండో తొట్టిలో వాన నీళ్ళు మిగతా తొట్లకంటే ముందే అయిపోతాయి. వారానికి నాలుగు వేళ్ళ మట్టం తేడా. మూడు వారాలు కొలిచాను. బీట ఎక్కడా లేదు. బయట చెమ్మ లేదు. నీళ్ళ కమిటీకి వెళ్ళి చెబితే, మెట్ట చదువులు ఇక్కడ పనికిరావమ్మా అని నవ్వి పంపేశారు. కడుపు మండిపోయింది. పెద్దదాన్ని కాబట్టి నా మాట గాలి. అదే మాట కౌశికి నోట వస్తే కమిటీ మొత్తం తొట్టి దగ్గర నిలబడాలి.

వాళ్ళని అలా నిలబెట్టాలని నాకు అనిపించింది. పిల్ల గీత కోసం అని చెప్పుకున్నాను. కానీ కాగితం మీద రాస్తున్నప్పుడు పిల్ల నా తలలో లేదు. నవ్విన ఆ పెద్దమనిషి మొహమే ఉంది.

"ఎవరికైనా ఏమైనా అవుద్దా?"

లేదన్నాను. వచ్చే వారం చూసి జవాబు చెబుతామని కమిటీ కబురు పంపింది. ఇంకొక్క గీత చాలు.

నలభయ్యో రోజు

బడి నుంచి తాళ్ళ వంతెన మీదుగా నడిచి వస్తున్నాం. కౌశికి మధ్యలో ఆగిపోయింది. తొట్టి ప్రశ్న వద్దక్కా, తీసేయమను అంది.

ఎందుకని అడిగాను. వంతెన తాడు పట్టుకుంది. తర్వాత చెప్పింది. నేను అడ్డు రాకుండా విన్నాను. ఆ ఒక్కటైనా చేశాను.

రెండేళ్ళ కిందట, నేను మెట్టమీద చదువుకుంటున్నప్పుడు, సూరిబాబు పంపు గదిలో కాపలా పని చేసేవాడు. కౌశికి రోజూ అన్నం పట్టుకెళ్ళేది. ఎనిమిదేళ్ళ పిల్ల. ఒకరోజు బండెక్కి, మా నాన్న పనిలో ఉన్నప్పుడు లోపలి గడియ ఎందుకు వేసుకుంటాడని అడిగింది. పెట్టె మాట్లాడలేదు. ఎవరో వెళ్ళి చూశారు. సూరిబాబు గడియ వేసుకుని నిద్రపోతున్నాడు. పంపు కాపలా మనిషి నిద్రపోతే లంక ఒకవైపుకి ఒరుగుతుంది. అందుకని అలలకంచెకి వేశారు.

అడిగిన పిల్ల పేరు బడి బయట ఎత్తకూడదు. అది కూడా నియమమే. కాబట్టి నాకెవరూ చెప్పలేదు. రాజ్యం టీచరుగారికి తెలుసు, చెప్పకూడదు. మంగాదేవికి తెలుసు, చెప్పలేదు.

"అమ్మ కొట్టలేదు. 'ఇంకెప్పుడూ నోరెత్తకే' అంది. అంతే" అని కౌశికి అంది. "ఆ రోజు నాకు చప్పట్లు కొట్టారక్కా."

నా నివేదికల్లో నలభై రోజులుగా "బద్ధకం" అని ఉంది.

అడిగిన మూడు రోజుల్లోగా పిల్ల బండ దగ్గరికొచ్చి వద్దంటే ప్రశ్న తీసేస్తారు. తోడు పక్కన నిలబడి సంతకం పెట్టాలి. రేపే ఆఖరు. రేపు పొద్దున్నే వస్తావా అక్కా అని అడిగింది. తొట్టికి బీట ఉంటుందిలే, అంతకంటే ఏముంటుందన్నాను. బీట లేదని నాకు తెలుసు. నా చేత్తోనే తడిమి చూశాను. అయినా వస్తావుగా అంది. వస్తానన్నాను.

నలభై ఒకటో రోజు

వెళ్ళలేదు.

వంతెన ఇవతల, తాళ్ళు చుట్టి పెట్టే గదిలో కూర్చున్నాను. బడి గంట వినిపించేదాకా కూర్చున్నాను. ఒక ప్రశ్న తీసేస్తే ఆరు అయిదవుతాయి. మళ్ళీ రెండు తయారుచెయ్యాలి. ఈ పిల్ల ఇక అడుగుతుందో లేదో తెలియదు. రెండు వారాలే ఉన్నాయి. ఇది దాని కోసమే అని కూడా అనుకున్నాను. కాసేపు నిజంగానే నమ్మాను.

గంట అయ్యాక బడికి వెళ్ళేసరికి కౌశికి వరసలో కూర్చునుంది. పెద్ద పడవ కోసం వంతెన ఎత్తారని చెప్పాను. తల ఊపింది.

నలభై నాలుగో రోజు

కమిటీవాళ్ళు ముగ్గురు వచ్చారు. పదకొండో తొట్టి వెనక బంగారి మామ్మ ఇల్లు. ఇంటి వెనక విరిగిన పడవ ఒకటి బోర్లా పడి ఉంటుందని అందరికీ తెలుసు. ఎత్తి చూస్తే కింద మట్టి. ఎక్కడ పోగుచేసిందో, ఎన్నేళ్ళు పోగుచేసిందో, మోకాలెత్తు నిజమైన మట్టి. అందులో దొండపాదు. పడవ పక్కకున్న కంతలోంచి బయటికి పాకి, తొట్టి నీడలో కాయలు కాస్తోంది.

తాగే నీళ్ళు సొంత మొక్కకి పొయ్యకూడదు. ఎంత చిన్న పిల్లకైనా తెలిసిన నియమం. మామ్మ దాచలేదు. "పొద్దున ఓ చెంబు, సాయంత్రం ఓ చెంబు పోసేదాన్ని. నా తాగే నీళ్ళు కొంచెం తగ్గించుకున్నాను కూడానండి" అంది. తగ్గించుకున్నది చాలలేదు. నాలుగు వేళ్ళ మట్టం తేడా అని వాళ్ళలో ఒకాయన గట్టిగా చదివాడు. నా కొలత. కమిటీలో అప్పుడు నవ్విన పెద్దమనిషి నన్ను చూసి, పిల్ల భలే కనిపెట్టిందండీ అన్నాడు.

ఉప్పులంకకి పంపుతున్నారు. అక్కడ వాన నీటి తొట్లుండవు, ఉప్పునీళ్ళు మరిగించి తాగాలి. డెబ్భై రెండేళ్ళ మనిషి.

మధ్యాహ్నం బండ కింద నిలబడి కమిటీ మనిషి జవాబు చెప్పాడు. కౌశికి పైన నిలబడి విన్నది. అర్థమైందా అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి తల ఊపింది. నోటితో చెప్పాలమ్మా అన్నాడు. చెప్పింది.

నలభై అయిదో రోజు

పడవ రేవు దగ్గర జనం ఎక్కువ లేరు. మంగాదేవి తొట్ల దగ్గర్నించి పరుగెత్తుకొచ్చింది. మామ్మ ఒక మూట, ఒక చెంబు పట్టుకుని ఎక్కింది. పాదుని నిన్ననే కొట్టేశారు. మట్టిని అందరి తోటలో కలిపేశారు.

కౌశికి రేవు చివర నిలబడింది. మామ్మ దాన్ని దగ్గరికి పిలవలేదు. పడవ కదులుతుంటే, "ఏమే కౌశీ, ఏళకి తినవే. మీ అమ్మ కోసం కూర్చోకు" అంది. రోజూ చెప్పే మాటలాగే అంది. ప్రశ్న ఎవరు అడిగారో ఆమెకి తెలుసో తెలియదో ఆ మొహం చూసి నేను చెప్పలేను. మామూలుగా నేను మొహాలు బాగా చదువుతాను.

ఇంటికి తీసుకెళ్దామని కౌశికి చెయ్యి పట్టుకోబోయాను. విదిలించుకోలేదు. చేతిలో ఏమీ లేనట్టు వదిలేసింది.

నలభై ఎనిమిదో రోజు

ఏడో ప్రశ్న రాయలేదు. మూడు రోజులుగా కాగితం ముందు కూర్చుని లేస్తున్నాను. రాజ్యం టీచరుగారి దగ్గరికి వెళ్ళి చెప్పేద్దామని రెండుసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళాను. చెబితే ఆరు గీతలూ చెరిపేస్తారు. పిల్ల నాచుబడికి పోతుంది. చెప్పకపోతే, ఇద్దర్ని పంపేసింది తనేననుకుంటూ ఆ పిల్ల బతుకుతుంది. ఏది మేలో తేల్చుకోలేక తిరిగొచ్చాను అని రాయబోయాను. అబద్ధం. రెండుసార్లూ ఆ గుమ్మంలో నాకు గుర్తొచ్చింది మెట్ట చీటీ.

నలభై తొమ్మిదో రోజు

కౌశికి తనంతట తనే బండెక్కింది.

ఎవరూ పిలవలేదు. వెనక వరసలోంచి లేచి, చెప్పులు విప్పి, ఎక్కింది. ఒక చెప్పు బోర్లా పడితే దిగి సరిచేసి మళ్ళీ ఎక్కింది. నేను పక్కన నిలబడి ఉన్నాను. ఎక్కడా తడబడలేదు.

"నళినక్క నాకు ప్రశ్నలు ఎందుకు ఇచ్చింది?"

పెట్టె మాట్లాడలేదు.  గంట కొట్టడానికి రాజ్యం టీచరుగారికి కొంత సేపు పట్టింది. మూడు రోజుల్లో నేను బండ కింద నిలబడి జవాబు చెప్పాలి.

యాభై రెండో రోజు

చీటీ రాదు. మూడేళ్ళ దాకా మెట్టకి వెళ్ళడానికి లేదు, బడి గుమ్మం తొక్కడానికి లేదు. ఇది ఇవాళ జవాబు అయ్యాక చెప్పారు. ముందు రాసేస్తున్నాను, ఎందుకంటే రాయాల్సింది ఇది కాదు.

టీచరుగారు ముందుగా ఆరు గీతలూ నావేనా అని అడిగారు. నావేనన్నాను. తడి గుడ్డతో చెరిపేశారు. కౌశికి పేరు పక్కన ఒకటే మిగిలింది, మొన్న తను అడిగినది. మంగాదేవి పని మానుకుని వచ్చి గోడ పక్కన నిలబడింది. బోర్డు వైపే చూస్తోంది.

ఎందుకిచ్చానంటే, నువ్వు ఆరో తరగతికి వెళ్ళాలని ఇచ్చాను అని చెప్పాను.

అర్థం కాలేదంది కౌశికి. నేను నెగ్గితే నీకేం వస్తుంది అని అడిగింది. మెట్టకి చీటీ అని చెప్పాను. గీత పడింది. రెండు.

తొట్టి నీళ్ళు ఎవరో తీస్తున్నారని నీకు ముందే తెలుసా అంది. ఎవరో తెలియదు, ఎవరో ఒకరని తెలుసు అన్నాను. మూడు. మరి వాళ్ళకి ఏదో అవుతుందని తెలిసి, ఏమీ అవదని నాకెందుకు చెప్పావంది. నువ్వు అడగవేమోనని అన్నాను. నాలుగు. మామ్మని వెనక్కి తెస్తారా అంది. నాకు తెలియదన్నాను. నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది అంది. టీచరుగారు ఒక్క క్షణం ఆలోచించి రెండింటికీ గీతలు గీశారు. నీళ్ళ కమిటీకి తెలియాలి, వాళ్ళని అడగగలిగేది నేను కాదు, నువ్వే అని చెప్పాను.

ఆరు. మంగాదేవి గోడని వదిలి ఒక అడుగు ముందుకొచ్చింది. లెక్క పెట్టుకుంటోందని తెలిసిపోతోంది. నేనూ పెట్టుకుంటున్నాను. కౌశికి మాత్రం ఒక్కసారి కూడా బోర్డు వైపు తిరగలేదు.

అప్పుడు కూడా నా బుర్ర పాత పనే చేసింది. ఈ జవాబు సగంలో ఆపితే ఇంకోటి అడుగుతుంది కదా అనిపించింది. ఏ మాట దగ్గర ఆపాలో కూడా తట్టింది. ఆపలేదు. తొట్టికి బీట లేదని ముందే తెలిసిన సంగతి, మూడు వారాలు కొలిచిన సంగతి, కమిటీలో నవ్వితే నాకు మండిన సంగతి, దానికి నీ నోరు వాడుకున్న సంగతి, ఇంకేమీ మిగల్లేదనుకునేదాకా చెప్పాను. చెప్పడం అయిపోయింది. ఇక కౌశికి దిగిపోతుందేమో అనుకున్నాను. ఆరు దగ్గర ఆగిపోతే అది కూడా నా వల్లే. మంగాదేవి పచ్చటి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

పిల్ల తన కాళ్ళ వంక చూసుకుంది. తర్వాత నా వంక.

"ఆ రోజు నేను గంట కొట్టేదాకా ఇక్కడే నుంచున్నాను. నువ్వెందుకు రాలేదు?"

టీచరుగారి చేతిలో సుద్ద కదిలిన చప్పుడు వినిపించింది. ఏడు. మంగాదేవి అక్కడే కూలబడింది. వెనక ఎవరో పిల్ల చప్పట్లు కొట్టబోతే టీచరుగారు చెయ్యెత్తి ఆపారు.

"వంతెన ఎత్తలేదు. నేను వంతెన ఇవతలే, తాళ్ళ గదిలో కూర్చున్నాను. నువ్వు నాకోసం చూస్తున్నావని తెలుసు. విసిగిపోయి లోపలికెళ్ళేదాకా కూర్చుందామని కూర్చున్నాను. ఇంకొక్కటే మిగిలింది కదా అనుకున్నాను."

కౌశికి నా మొహం చూస్తూ ఉంది. డ్రమ్ము వెనకవైపు చూసినట్టు, తీరిగ్గా, ఏదీ వదలకుండా. ఇంకోటి అడగమని లోపల్లోపల బతిమాలుకున్నాను. ఎన్నైనా అడగమని.

"అర్థమైంది" అంది.

బండ దిగి, చెప్పులేసుకుని, తల్లి దగ్గరికి వెళ్ళింది.